ఇరవై నాలుగు రోజుల గైర్హాజరు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే పెన్షనర్లు తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. బీమా సంగతి, మందుల సంగతి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఒక్క విషయమే చెబుతాను. ఇచ్చిన గడువు దాటి పరదేశంలో ఉండిపోతే ఏమవుతుంది, అక్కడి నుంచి సక్రమంగా బయటపడటం ఎలాగ అన్నది. ఇది చదివి చెబుతున్నది కాదు, పడి చెబుతున్నది.

నా సర్వీసులో ఎక్కువ భాగం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో గడిచింది. సెలవు మించి ఇంటి దగ్గర ఉండిపోయిన ఉద్యోగి కాగితం నా బల్ల మీదికే వచ్చేది. 'ఓవర్‌స్టేయల్ ఆఫ్ లీవ్' అని మార్జినులో రాసి, సంజాయిషీ కోరుతూ మెమో పెట్టేవాణ్ణి. ఒక్క రోజయినా వదిలేవాణ్ణి కాదు. ఈ సభలోనే నా మెమోలు అందుకున్నవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వారు నవ్వుతున్నారు కూడా. అటువంటి నేను నా భార్య పాస్‌పోర్టులో వేసిన ఒక తేదీ చూసుకోలేదు.

మా అబ్బాయి డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. 2016లో మా ఇద్దరికీ పదేళ్ల సందర్శక వీసా వచ్చింది. ఆ ఏడాదే ఒకసారి వెళ్లి అయిదు నెలలు ఉండి వచ్చాము. ఏ ఇబ్బందీ కలగలేదు. ఇబ్బంది కలగకపోవడం వల్లనే రెండవసారి నిర్లక్ష్యం వచ్చిందని ఇప్పుడు అనుకుంటాను.

రెండవసారి 2018 ఏప్రిల్ 12న దిగాము. కోడలు కడుపుతో ఉంది, అక్టోబరు మొదటివారంలో పురుడు. వియ్యపురాలికి వీసా రాలేదు. అందుచేత పురుడు పోయవలసింది మా ఆవిడే. ఆమె మెంతులు, శొంఠి, వాము, పాత చీరలు చింపిన పొత్తిగుడ్డలు ఒక పెట్టె నిండా సర్దుకుని వచ్చింది.

ఆమె పాస్‌పోర్టు గడువు ఆ సంవత్సరం ఆగస్టు 20తో ముగుస్తుంది. బయలుదేరక ముందే కొత్తది తీసుకోవలసింది. ఇంకా నాలుగు నెలలుంది కదా, అక్కడి మన కాన్సులేటులో చేయించవచ్చులే అనుకున్నాను. అనుకున్నట్టే జూన్‌లో హ్యూస్టన్ కాన్సులేటుకు దరఖాస్తు పంపాము. కొత్త పాస్‌పోర్టు వచ్చింది. పాతదాని మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి తిప్పి పంపారు. అమెరికా వీసా ఉన్నది ఆ పాతదానిలోనే గనుక రెండూ కలిపి ఒక కవరులో పెట్టి బీరువాలో దాచాను. పని అయిపోయిందనుకున్నాను.

ఇక్కడ ఒక మాట వివరించాలి. వీసా మీద ఉండే తేదీ ఆ దేశం గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టడానికి ఎన్నాళ్లు అనుమతి ఉందో చెబుతుంది. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చునో చెప్పేది వేరే కాగితం. దాని పేరు ఐ-94. పూర్వం విమానంలోనే తెల్లని కార్డు ఇచ్చేవారు, సగం చింపి పాస్‌పోర్టుకు పిన్ను కొట్టేవారు. 2013 నుంచి విమానాశ్రయాల్లో ఆ కార్డు తీసేసి కంప్యూటరులోనే ఉంచుతున్నారు, మనమే ఇంటర్నెట్‌లో చూసుకోవాలి. సందర్శకులకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. కాని పాస్‌పోర్టు అంతకంటే ముందే ముగిసేటట్టుంటే అది ముగిసే తేదీ వరకే ఇవ్వవచ్చు. తరువాత కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా ఆ తేదీ తనంతట తాను జరగదు.

దిగిన రోజున అధికారి మా ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ ముద్ర వేసి, పక్కన కలంతో తేదీ రాశాడు. నాది చూసుకున్నాను, అక్టోబరు 11. ఆమెది తెరిచి చూడలేదు. భార్యాభర్తలం, ఒకే విమానం, ఒకే కౌంటరు, తేదీ వేరుగా ఉంటుందని తోచలేదు.

పురుడయ్యాక కూడా మరి రెండు నెలలు ఉండాలని, గడువు పొడిగింపుకు దరఖాస్తు చేద్దామని సెప్టెంబరు 9, ఆదివారం నాడు మా అబ్బాయి కూర్చున్నాడు. ఆ ఫారంలో ఒక్కొక్కరి ఐ-94 వివరాలు అడుగుతారు. నాది తీశాడు, సరిగా ఉంది. వాళ్లమ్మది తీశాడు. కాసేపు మాట్లాడలేదు. "నాన్నా, అమ్మది ఆగస్టు 20 అని చూపిస్తోంది" అన్నాడు. బీరువాలోని పాత పాస్‌పోర్టు తీసి చూశాను. అధికారి చేతిరాతలో ఆ తేదీ స్పష్టంగానే ఉంది. వాణ్ణి ఏమీ అనడానికి లేదు. అప్పటికి ఇరవై రోజులు దాటిపోయింది.

మరునాడు ఇమ్మిగ్రేషన్ వకీలు దగ్గరకు వెళ్లాము. ఆమె చెప్పినది నేను కాగితం మీద రాసుకున్నాను, అదే మీకు చెబుతున్నాను. పొడిగింపు దరఖాస్తు గడువు లోపల చేరాలి. అలా చేరితే జవాబు ఆలస్యమయినా ఆ నిరీక్షణ కాలం తప్పు కింద లెక్కకు రాదు. గడువు దాటాక అయితే మన చేతిలో లేని అసాధారణ కారణం చూపాలి. తేదీ చూసుకోకపోవడం అటువంటి కారణం కాదు. ఒక్క రోజు దాటినా ఆ వీసా చెల్లదు, దాని మీద పదేళ్లు అని ఉన్నా సరే. మళ్లీ స్వదేశంలో కొత్తగా తీసుకోవలసిందే. నూట ఎనభై రోజులు మించి ఉండి, ఏడాది లోపల వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాదో అంతకు మించో ఉండి వెళితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. మేము ఆ రేఖలకు చాలా దూరంలో ఉన్నాము.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. వీసా ఎలాగూ పోయింది. నూట ఎనభై రోజుల దాకా నిషేధమూ లేదు. అటువంటప్పుడు ఇంకొక్క నెల ఉండి పురుడు పోసి వెళితే పోయేదేమిటి? మా అబ్బాయి అదే అన్నాడు. పక్కింటి తెలుగాయన కూడా అదే అన్నాడు, "ఎవరు చూస్తారండీ, వెళ్లేటప్పుడు అడిగేవాడే ఉండడు" అని ధైర్యం చెప్పాడు. వకీలు మాత్రం, తెలియక ఉన్న రోజులకూ తెలిశాక ఉన్న రోజులకూ తేడా ఉందని, రేపు వీసా అధికారి ఎదుట నిలబడి చెప్పవలసినది మీరేనని చెప్పి ఊరుకుంది.

వెళ్లిపోదామన్న పట్టు నాదే. ముప్పయి ఏళ్లపాటు ఇతరులకు మెమోలు ఇచ్చిన చెయ్యి అది, మరోలా రాయలేకపోయింది. మా ఆవిడ ఏమీ వాదించలేదు. "మీరు చూస్తారని నేను చూడలేదండీ" అని ఒక్క మాట అంది. ఆ రాత్రే కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని కాయం ఎలా కలపాలో, బిడ్డకు నీళ్లు ఎలా పోయాలో చెబుతుంటే ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంది.

సెప్టెంబరు 13, వినాయక చవితి. ఉదయం పూజ చేసుకుని, పత్రి దొరక్క పెరట్లోని ఆకులే వేసి, సాయంత్రం విమానమెక్కాము. నా గడువు ఇంకా ఉన్నా, ఆమె ఎన్నడూ ఒంటరిగా ప్రయాణం చెయ్యలేదు గనుక నేనూ వచ్చేశాను. టిక్కెట్టు తేదీ మార్పుకు విమానసంస్థ గట్టిగానే వసూలు చేసింది.

విమానాశ్రయంలో సంజాయిషీ అడుగుతారని, జరిమానా కట్టి రసీదు తీసుకోవచ్చునని నేను డాలర్లు విడిగా పెట్టుకున్నాను. మన దేశంలోలాగ వెళ్లేటప్పుడు ముద్ర వేసే కౌంటరు అక్కడ లేదు. విమానసంస్థ వారు పంపే ప్రయాణికుల వివరాలతో నిష్క్రమణ నమోదవుతుంది. తప్పు చేశాను, రాసుకోండి అందామంటే రాసుకునే గుమాస్తా లేడు! అడగలేదు గనుక తెలియలేదని మాత్రం అనుకోకండి, కంప్యూటరులో అంతా ఉంటుంది. మన జాగ్రత్తకు మనం బోర్డింగ్ పాసులు, టిక్కెట్లు, ఇక్కడ దిగినప్పుడు మన ఇమ్మిగ్రేషన్ వారు వేసే ముద్ర, వీటిని దాచుకోవాలి. నేను ఆ నాటి నుంచి అన్నీ ట్యాగు వేసి ఫైలు చేశాను.

గల్ఫ్ దేశాల పద్ధతి వేరు. ఈ సభలో అక్కడ పిల్లలున్నవారు చాలామందే ఉన్నారు గనుక రెండు మాటలు చెబుతాను. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో గడువు దాటితే రోజుకు యాభై దిర్హాములు జరిమానా పడుతూ పోతుంది, అది తీరనిదే బయటకు పోనివ్వరు. అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తారు. 2018లో ఇచ్చారు, మళ్లీ 2024 సెప్టెంబరు 1న మొదలుపెట్టి ఆ ఏడాది చివరి దాకా పొడిగించారు. కువైట్ కూడా 2024 మార్చి నుంచి జూన్ వరకు ఇచ్చింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుపోయినవారికి మన రాయబార కార్యాలయం ఇచ్చే అత్యవసర ప్రయాణ పత్రాన్నే మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. మా వీధిలో ఒక కుర్రవాడు దుబాయిలో కంపెనీ నుంచి బయటపడి మూడేళ్లు దాక్కుని పనిచేశాడు. 2018 క్షమాభిక్షలో వస్తావా అంటే, పట్టించడానికే పిలుస్తున్నారని భయపడ్డాడు. వాళ్ల నాన్న తెచ్చిన వార్తాపత్రిక నేనే చదివి వినిపించి, ఫోనులో ఆ అబ్బాయికి చెప్పాను. వచ్చాడు. క్షమాభిక్ష ఉన్న రోజుల్లో కదలక, అది ముగిశాక పట్టుబడేవారి గతే కష్టం.

ఇక మా సంగతి. మేము ఇల్లు చేరిన పద్దెనిమిదో రోజున మనవరాలు పుట్టింది. ఫోనులో చూశాము.

2019లో మా ఆవిడకు వీసా దరఖాస్తు పెట్టాము. గతంలో గడువు మించి ఉన్నారా అని ఫారంలో సూటిగా ప్రశ్న ఉంటుంది. లేదు అని పెట్టెయ్యండి, ఇరవై నాలుగు రోజులేగా అన్నాడు ఫారం నింపే దుకాణం కుర్రవాడు. గడువు మించడం ఒక తప్పు, అబద్ధం చెప్పడం మరొకటి. రెండవదానికి శాశ్వతంగా ప్రవేశం లేకుండా చేసే అధికారం వారికి ఉంది. ఉంది అనే రాయించి, వివరం జతచేశాను. బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది అప్పటి కాన్సులేటు. రెండు నిమిషాల్లో ఒక కాగితం చేతిలో పెట్టి పంపేశారు. తరువాత కరోనా. 2020 మార్చిలో ఇంటర్వ్యూలే ఆగిపోయాయి. నా వీసాకు ఏమీ కాలేదు, నేను వెళ్లి రావచ్చు. "మీరైనా వెళ్లి చూసి రండి" అని ఆమె అన్నప్పుడల్లా ఏదో వంక చెప్పేవాణ్ణి. ఆమె పాపను మొదటిసారి ఎత్తుకున్నది 2022లో, మావాళ్లు ఇక్కడకు వచ్చినప్పుడు. అప్పటికి దానికి మూడేళ్లు నిండాయి, కొత్త మనిషని ఏడ్చింది.

2023 చివర మళ్లీ ప్రయత్నించాము. కాన్సులేటు ఆ ఏడాది మార్చిలోనే నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలోకి మారింది. ఇంటర్వ్యూ తెలుగులోనే జరిగింది. ఎందుకు గడువు మించారని అడిగితే మా ఆవిడ, "కొత్త పాస్‌పోర్టు వచ్చాక సరిపోయిందనుకున్నామండీ, తెలిసిన నాలుగో రోజున బయలుదేరాము" అంది. కాగితాలున్నాయా అన్నారు. నేను ట్యాగు వేసిన ఫైలు లోపలికి వెళ్లింది. వీసా ఇచ్చారు. మొదటిసారి ఎందుకు ఇవ్వలేదో, ఈసారి ఎందుకు ఇచ్చారో వారు చెప్పలేదు, మనం అడగలేము.

2024లో వెళ్లాము. ఇల్లు చేరిన రాత్రి, కాళ్లు కడుక్కోక ముందే, ఇద్దరి ఐ-94లూ తీయమంది. అబ్బాయి తీస్తే తన తేదీ తానే చదివి, వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండరులో ఎర్ర కలంతో సున్న చుట్టింది. నాది నన్నే చుట్టుకోమంది. పన్నెండు రోజులు మిగిలి ఉండగా తిరిగి వచ్చాము.

రుసుములు, ఫారాలు తరచు మారుతుంటాయి గనుక ఆ అంకెలు చెప్పడం లేదు. ఈ వేసవిలో ప్రయాణమున్నవారు సభ అయ్యాక పాస్‌పోర్టులు పట్టుకుని నా దగ్గరకు రండి. భార్యాభర్తలవి రెండూ తెండి. కళ్లజోడు తెచ్చుకున్నాను.