వేదకాలమునందలి కుటుంబము – దాయభాగము
(మహాసభయం దొసగిన యుపన్యాసము)



వేదకాలపు కుటుంబమును గూర్చి ప్రసంగింపుడని సభవారు మమ్ము గోరిరి. చిరకాలము బాలురచే శబ్దమంజరి వల్లె వేయించినవారము గాన మాకు శబ్దముల త్రోవయే సుగమము.

ఋగ్వేదము పదవ మండలమున 85వ సూక్తము వివాహసూక్తము. వధువు మామకును, అత్తకును, ఆడుబిడ్డకును, మఱదులకును సమ్రాజ్ఞి కావలెనని యందు దీవన గలదు. వీరందఱు నొక్క యింట నుండిరని దీనివలన దోచుచున్నది. అత్తపై సామ్రాజ్యమన నెట్టిదో కోడండ్రను దెచ్చుకొన్న తల్లులకు మేము వివరింప నక్కఱలేదు.

మేము ముఖ్యముగా విన్నవింపదలచినది 'భ్రాతృవ్య' శబ్దమును గూర్చి. సోదరుని సంతానమని దాని వ్యుత్పత్తి. బ్రాహ్మణగ్రంథములం దదియే శత్రువునకు బేరు. పాణిని బంధువునకు వ్యత్ ప్రత్యయమును, పగవానికి వ్యన్ ప్రత్యయమును విధించెను. అక్షరములలో భేదము లేదు. స్వరమున మాత్రమే కలదు. బంధువైనచో తుది యచ్చు స్వరితము, పగవాడైనచో మొదటి యచ్చు ఉదాత్తము. మన తెలుగు 'దాయ' శబ్దమునకును జ్ఞాతి యనియు, శత్రువనియు రెండర్థములు. స్వరభేదము సైతము మనకు మిగులలేదు!

ఈ పగకు మూలము పంపకము. మనుపుత్రుడగు నాభానేదిష్ఠుడు బ్రహ్మచర్యమున నుండగా, అన్నదమ్ములు వానికేమియు మిగుల్పక యాస్తి పంచుకొనిరని ఐతరేయబ్రాహ్మణము చెప్పుచున్నది. వాడు వచ్చి నా భాగమేదని యడుగగా, తీర్పరియైన తండ్రిని జూపి యీయనయే నీ భాగమనిరి. తండ్రి పోషణమే వాటాగా వచ్చిన కుమారులను మన గ్రామములందును జూచుచునే యున్నాము.

తైత్తిరీయసంహితలో పంచినవాడు మనువే. జ్యేష్ఠునకే సర్వస్వమను మతమును ఆపస్తంబుడు ద్రోసిపుచ్చి, సమభాగమునకు ఆ వాక్యమునే ప్రమాణముగా జూపెను. నాభానేదిష్ఠుని విడిచిపెట్టెనన్న మాటయు దాని వెంటనే యున్నదని మాత్రము మఱవరాదు.

పుట్టినింటనే వృద్ధురాలగు కన్యకు ఋగ్వేదమున 'అమాజూ' యని పేరు గలదు. నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమున 1986 చట్టసవరణముచే అవివాహితలకును, 2005 సవరణముచే దేశమంతటను కొమార్తెలందఱకును ఉమ్మడి యాస్తిలో కొమారులతో సమముగా హక్కు గలిగెను. ఇంత జరిగియు, పసుపుకుంకుమ పేరు చెప్పి యక్కచెల్లెండ్రచే కాగితములపై వ్రాలు చేయించుకొనుట మానలేదు. ఇది మాకు సమ్మతము గాదు. పంపకపు దస్తావేజు వ్రాయకముందే దూరమున జదువుకొను తమ్ముని, అత్తవారింటనున్న యాడుబిడ్డను గూడ బిలిపింపుడని సభవారిని వేడుచున్నాము.

ఇక కథాశేషము. తండ్రి నాభానేదిష్ఠునకు రెండు సూక్తములు తెలిపి, ఆఱవదినమున దారి గానక తికమకపడు నంగిరసుల సత్రమునకు బంపెను. వారు సంతుష్టులై స్వర్గమునకు బోవుచు వేయి పశువుల నిచ్చిరి. అంతట నల్లని వస్త్రములు దాల్చిన పురుషుడొకడు వచ్చి, ఇచట మిగిలినదెల్ల నాదే యనెను. వాడు మరలివచ్చి తండ్రి నడుగగా, ఆతనిదే యని మనువు చెప్పెను. వాడు పోయి యామాటయే యథాతథముగా బలికెను. సత్యము చెప్పితివి గాన నీవే కొనుమని యా పురుషుడు సర్వమును వాని కిచ్చెను. అన్నదమ్ము లప్పుడు వచ్చి వాటా యడిగిరో లేదో బ్రాహ్మణమున లేదు.