రైల్వే వైద్యము – కొత్త కార్డు

(తార్‌బహార్‌లో మన సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



బెంగాలు నాగపూరు రైల్వే దినములలో మన పెద్దలు ఉద్యోగార్థులై ఈ బిలాసపురమునకు వచ్చిరి. ఆ కంపెనీ మార్గము వాల్తేరు వరకు పోయియుండుట చేతనే గదా శ్రీకాకుళము, విజయనగరము వారికి ఇంత దూరపు ఊరు దగ్గరయ్యెను! జీతముతోపాటు వారికి లభించిన పెద్ద ఆస్తి రైల్వే వైద్యము. ఇప్పుడా వైద్యము కాగితమును విడిచి కంప్యూటరులోనికి ప్రవేశించుచున్నది. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేసెదను.

వెనుక ప్రతి యింట మందుల పుస్తకమొకటి యుండెడిది. అది తడిసినను, పోయినను మన రోగచరిత్రయు దానితోనే పోయెడిది. ‘ఉమీద్’ కార్డు వచ్చిన తరువాత కుటుంబములో ఒక్కొక్కరికిని వేరు సంఖ్య ఏర్పడినది. (ఉర్దూలో ఆ మాటకు ఆశ యని అర్థము, పేరు బాగుగనే కుదిరినది.) ఆసుపత్రి సమాచారమంతయు ఒకచోట నుంచు హెచ్.ఎం.ఐ.ఎస్. అను ఏర్పాటును 125 ఆసుపత్రులకు, 650 చికిత్సాలయములకు ఉద్దేశించి రైల్‌టెల్ సంస్థ చేపట్టినది. 2020లో దక్షిణ మధ్య రైల్వేలో దానిని ప్రయోగముగా ప్రారంభించిరి. బిలాసపురమున చేసిన రక్తపరీక్ష ఫలితమును విశాఖపట్టణమందలి రైల్వే వైద్యుడు చూడగలుగుటయే దాని ఉద్దేశము. విరమణానంతరము స్వగ్రామము చేరదలచినవారికి ఇంతకన్న మేలేమి కావలెను?

అయితే నేను కన్నులార చూచినది వేరు. మా వీథి చివర నుండు పిన్నిగారి భర్త గ్యాంగుమానుగా పనిచేసి విరమించెను. ఆయన పోయిన పిదప ఆమె తన కార్డు కొఱకు వెళ్లగా, ఓ.టి.పి. ఆయన పాత ఫోను నంబరునకు పోయినది. ఆ నంబరు ఎన్నడో మూతపడినది. “నాయనా, నేను ఆయన భార్యనని ఈ పేట అంతయు ఎరుగును; ఆ ఫోనొక్కటే ఎరుగదా?” అని ఆమె నన్నడిగినది. నాకు జవాబు తోచలేదు. విరమించినవారికి వైద్యపథకము 1997 నుండి కలదు. అందులో చేరుటకు ఒక్కసారి సొమ్ము చెల్లించుట అందరును ఎరుగుదురు. భార్య పేర వేరొక నంబరు వ్రాయించుట మాత్రము మరచుచున్నారు.

మరియొక సంగతి కలదు. దీనిని మనవారు మెల్లగా మాత్రమే అనుకొనుచుందురు. మనకు జీతమిచ్చువారును, మందిచ్చువారును ఒక్కరే. లోకో పైలటు కంటిచూపు ఏ-1 తరగతికి సరిపోవలెను. వయస్సు మీఱిన కొలది పరీక్షలు తఱచగును. చక్కెరవ్యాధి బయటపడినచో బండి నుండి దింపివేయుదురేమోయని, ప్రైవేటు వైద్యునికి రొక్కమిచ్చి రహస్యముగా చూపించుకొనువారిని నేనెరుగుదును. కంప్యూటరులో వ్రాసినది ఎవరెవరు చూతురో తెలియనిచో ఆ భయము ఇంకను పెరుగును. ప్రయాణికుల ప్రాణములు అతని కంటిమీద నున్నవి గనుక పరీక్ష ఉండవలసినదే. కాని భార్య కాన్పు సంగతియు, తల్లి మనోవ్యాధియు అతని పై అధికారి కేల? వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో చట్టము చేసినది. ఎవరికి ఏది కనబడునో హిందీలోను, తెలుగులోను వ్రాసి ఆసుపత్రి గోడకు అంటింపుడని మన సంఘము అడుగవలెను.

వచ్చు ఆదివారము ఉదయము మన యువకులిద్దరు ఇచ్చట బల్ల వేసికొని కూర్చుందురు. పిన్నిగార్లు, పెద్దమ్మగార్లు తమ పాత పుస్తకమును, పింఛను కాగితమును, ముఖ్యముగా ఫోనును తీసికొని రావలెనని ప్రార్థన.