వేలం పాట ఆగిన చోట

ఈరోజు పట్టాలు అందుకుంటున్న అబ్బాయిలకూ అమ్మాయిలకూ నా ఆశీస్సులు.

ప్రభుత్వం చేత ఒక పని చేయించాలంటే మామూలు మనిషికి దారేదని విద్యార్థులు నన్ను తరచూ అడుగుతారు. ఓటు ఉంది కదా అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఒక ఓటుకూ మరో ఓటుకూ మధ్య పద్దెనిమిది వందల పైచిలుకు రోజులుంటాయి. ఆ రోజుల్లో ఎవరి మాట ఎలా చెల్లుతుందో నాకు నెల్లూరు జిల్లా నేర్పింది.

అది 1991. నేనప్పుడు మీ వయసువాణ్ణి. డిగ్రీ అయ్యి, ఉద్యోగం దొరక్క, అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీరుగా చేరాను. రాత్రి అన్నాలయ్యాక, గిన్నెలు కడుక్కుని ఆడవాళ్లు వచ్చేవాళ్లు. లాంతరు చుట్టూ చాపలు పరిచేవాళ్లం. పగలంతా నాట్లు వేసిన వేళ్లకు బలపం ఒక పట్టాన లొంగేది కాదు. అక్షరం దిద్దుతుండగానే వీధి చివర కేక వినిపించేది. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టి ఒకామె పలక పక్కన పెట్టి లేచిపోయేది. మర్నాడు ఆమె రాకపోతే ఎందుకు రాలేదని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

సారా అప్పుడు ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది. 1980ల్లో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో మొదలుపెట్టిన పద్ధతి అది. పంటితో మూల కొరికి, చేను గట్టు మీదే తాగి పారేసేవాళ్లు. మద్యం మీద రాష్ట్రానికి వచ్చే ఎక్సైజు రాబడి 1970-71లో సుమారు 39 కోట్లు. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మా రాత్రి బడిలో అందరికీ తెలుసు. అందులో వాళ్ల కూలి డబ్బులున్నాయి.

మేం చెప్పే వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. అది ఊరి ఆడవాళ్లు కూడబలుక్కుని సారా దుకాణం మూయించిన కథ. దాన్ని చదివి అదే జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో ఆ పని నిజంగానే చేసి చూపించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు ఆ తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. వాళ్ల కథే తర్వాతి వాచకంలో పాఠంగా వచ్చి మిగతా ఊళ్లకు చేరింది. ఒక శాఖ సారా అమ్మిస్తుంటే మరో శాఖ అచ్చువేసిన పుస్తకం దుకాణాలు మూయించింది. ప్రభుత్వం అంటే ఒకే గోడ అనుకోకండి. దానికి చాలా తలుపులుంటాయి, అన్నీ ఒకేసారి మూసుకోవు.

అయితే ఒక ఊళ్లో దుకాణం మూయిస్తే సరుకు పక్క ఊళ్లో దొరికేది. అసలు తాళం ఎక్కడుందో ఆడవాళ్లు ఆరా తీశారు. ఏటా జిల్లా కేంద్రంలో జరిగే సారా వేలంలో ఉంది. ఎవరు ఎక్కువకు పాడితే వాళ్లకే అమ్ముకునే హక్కు. పాడిన సొమ్ము రాబట్టుకోవాలంటే వాళ్లు ఇంకా ఎక్కువ తాగించాలి. అందుకే 1992లో వందలాది మంది నెల్లూరు దారి పట్టారు. మా ఊరివాళ్లతో నేనూ వెళ్లాను. కలెక్టరు ఆఫీసు గేటు దగ్గర, పలక వదిలి వెళ్లిపోతుండే ఆ మనిషి నిలబడి బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటోంది. నేను అందించబోతే, 'ఉండు అబ్బయ్యా' అని చెయ్యి అడ్డం పెట్టింది. చివరిదాకా తనే చదివి, లోపలికి నడిచింది. ఆ వేలం వాయిదా పడింది. మళ్లీ పెట్టారు, మళ్లీ వచ్చారు, మళ్లీ వాయిదా వేశారు.

పత్రికల పాత్ర కూడా చెప్పాలి. 'ఈనాడు' 1989 నుంచే జిల్లాకో అనుబంధం వేస్తోంది. ఊరి వార్త అచ్చులోకి ఎక్కే దారి అప్పటికే పడింది. ఉద్యమం పెరిగాక ఆ పత్రిక దానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. ఈ ఊరి సంగతి ఆ ఊరివాళ్లు చదువుకుని, మనం ఒంటరివాళ్లం కాదని తెలుసుకున్నారు. ఉద్యమాన్ని పుట్టించింది పత్రిక కాదు. కానీ దాచిపెట్టడం కుదరకుండా చేసింది. నా దృష్టిలో అది చిన్న పని కాదు.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని మాటిచ్చి 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్టీ రామారావు 1995 జనవరి 16 నుంచి దాన్ని అమలు చేశారు. 1980ల్లో సారా ప్యాకెట్లు మొదలైంది ఆయన హయాంలోనే. జనం నిలబడితే పాలకుడు తన దారి తనే మార్చుకుంటాడు.

కథ ఇక్కడ ఆపితే మీకు అబద్ధం చెప్పినట్టే. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఖజానాకు గండి పడిందని, దొంగరవాణా ఆగడం లేదని ప్రభుత్వం చెప్పింది. ఆ కారణాలు ఉత్తివి కావు. కానీ ఆ మాటలు చర్చకు వచ్చే గదుల్లో మా రాత్రి బడి ఆడవాళ్లు లేరు. వాళ్లు నాట్లలోకి వెళ్లిపోయారు. పత్రికల పేజీలు వేరే వార్తలకు వెళ్లాయి. మద్యం వ్యాపారానికి మాత్రం సెలవు లేదు. దాని మనుషులకు ఆ గదుల దగ్గరకు వెళ్లడమే ఉద్యోగం. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒక్కటి మాత్రం నిలిచింది. ఆ సారా దుకాణాలు మళ్లీ తెరుచుకోలేదు.

ఇక మీ మాట. మీలో కొందరు ఆ గదుల్లో అధికారులుగా కూర్చుంటారు. కొందరు కంపెనీల తరఫున వినతిపత్రాలు రాస్తారు. అది తప్పు పని కాదు. వ్యాపారానికీ తన గోడు చెప్పుకునే హక్కుంది. కొందరు విలేకరులవుతారు. ఎక్కడున్నా రెండో పక్షం కుర్చీ ఖాళీగా ఉందేమో ఒకసారి చూడండి.

ఒక ఉదాహరణ చెబుతాను. పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద పరిశ్రమల్లో, గనుల్లో చాలావాటికి 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. ఆ సారాంశం కొన్ని పేజీలే. అసలు నివేదిక వందల పేజీల ఇంగ్లీషు. ఆ ఊళ్లో దాన్ని చదవగలిగేవాళ్లు ఎందరుంటారు? మీరు చదవగలరు. ఈసారి మీ జిల్లాలో అలాంటి ప్రకటన కనబడితే, ఆ 30 రోజుల్లో ఒక్క రోజు ఆ ఊరికి వెళ్లండి. రాత్రి అన్నాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి, నీళ్ల గురించి రాసిన పేజీ, పొగ గురించి రాసిన పేజీ తెలుగులో చదివి వినిపించండి. ప్రశ్నలు మీరు రాసివ్వనక్కర్లేదు, వాళ్లే అడుగుతారు.