టవరు చెప్పేది ఎంత?

(తిరుమలగిరిలో న్యాయ అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత అనుమానంపై నిర్బంధానికి గురైన మన యువకులలో పలువురు చివరకు న్యాయస్థానాలలో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ గాయాన్ని ఈ నగరం మరువలేదు. నేడు అనుమానానికి సెల్‌ఫోన్ రికార్డు తోడవుతున్నది. “మీ వాడి ఫోను ఆ వేళ అక్కడే ఉన్నది” అనగానే ఇంటిల్లిపాదికీ నోట మాట రాదు. యంత్రం అబద్ధమాడదు కదా అనుకుంటాము.

నిజమే, కాని యంత్రం చెప్పనిది కూడా దాని పేరిట చెప్పవచ్చు. కాల్ రికార్డులో ఉండేది ఫోను ఏ టవరుతో, దాని ఏ వైపుతో కలిసిందన్న వివరమే. దగ్గరి టవరు రద్దీగా ఉన్నా, భవనాలు అడ్డుపడినా ఫోను మరో టవరును అందుకుంటుంది. లాల్‌బజారులో ఉన్నవాని ఫోను అల్వాల్ వైపు టవరులో నమోదు కావచ్చు. పైగా ఆ ఫోను ఎవరి చేతిలో ఉన్నదో టవరు ఎరుగదు.

2019లో డెన్మార్క్‌లో ఇటువంటి సమాచారంలో లోపాలు బయటపడ్డాయి. కోర్టులలో దాని వినియోగాన్ని రెండు నెలలు ఆపి, సుమారు 10,700 కేసులను పునఃపరిశీలనకు తీసుకున్నారు.

మన సుప్రీంకోర్టు 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో, ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు ధ్రువపత్రం తప్పనిసరి అని స్పష్టం చేసింది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం నిపుణుని సంతకం కూడా కావాలి. అయితే ధ్రువపత్రం రికార్డు సరైనదని మాత్రమే చెబుతుంది. మనిషి అక్కడ ఉన్నాడని చెప్పదు. ఈ తేడాను మన న్యాయవాది కోర్టు ముందుంచాలి.

మరొక మాట. ఆ రికార్డే నిర్దోషిని కాపాడవచ్చు కూడా. టెలికాం సంస్థలు వీటిని కనీసం రెండేళ్లు భద్రపరచాలన్నది 2021 డిసెంబరు నాటి నిబంధన. విచారణలు అంతకన్నా ఎక్కువ కాలం సాగుతాయి. కనుక అరెస్టయిన తొలి వారాలలోనే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద పూర్తి రికార్డులను తెప్పించి భద్రపరచవలసిందిగా కోర్టును కోరండి.

నేరస్థుణ్ణి దాచమని నేను అనడం లేదు. వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోవాలన్నది దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పిన నియమం. టవరు తెచ్చిన వార్తకూ అదే నియమం వర్తించాలి.