యంత్రము మారిన విద్యయు మారవలెను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పూర్వము యోధునకు కావలసిన నేర్పు ఏదని యడిగిన బాహుబలము, గురి, అశ్వారోహణము అని చెప్పుట సులభముగా నుండెను. నేడు నౌకను నడుపుటలో కంప్యూటరు తోడ్పడుచున్నది. ఉపగ్రహము త్రోవ చూపుచున్నది. కావున సైనికునకు నేర్పుతో పని తీరినదని పలువురు తలంతురు. శ్రమ తగ్గిన మాట నిజమే. నేర్పు తగ్గినను చెల్లునన్న మాట నిజము కాదు. ఇందుకు అమెరికా నౌకాదళ చరిత్రమే సాక్ష్యము.

వెనుకటి నావికుడు సూర్యుని, నక్షత్రముల ఎత్తును సెక్‌స్టాంటు అను పరికరముతో కొలిచి, పట్టికలు చూచి, నడిసముద్రమున తానున్న చోటును లెక్క కట్టెడివాడు. ఉపగ్రహములు వచ్చిన పిమ్మట ఈ లెక్క వృథాశ్రమగా తోచినది. అన్నాపోలిసులోని నౌకా విద్యాలయమున ఆ పాఠమును మానివైచిరి. శత్రువు ఉపగ్రహ సంకేతములను చెరచినచో నౌక గతి యేమను శంక పిదప బలపడినది. 2015లో ఆ పాఠమునే మరల ప్రవేశపెట్టిరి.

అట్లే క్రొత్త నౌకాధికారులకు తీరమున నెలల తరబడి గురుముఖమున చెప్పెడి శిక్షణను 2003లో తొలగించి, పాఠములను కంప్యూటరు డిస్కులలో నింపి నౌకలకు పంపిరి. తరువాతి కాలమున తీరశిక్షణను తిరిగి తేవలసి వచ్చెను.

2017 ఆగస్టు 21వ తేదీన, తెల్లవారక మునుపు, సింగపూరు సమీపమున జాన్ ఎస్. మెకెయిన్ అను యుద్ధనౌక ఓడల రద్దీ గల మార్గమున ప్రవేశించుచుండెను. అందు వేగము మార్చుటకును, నడుపు అధికారమును ఒక చోటినుండి మరియొక చోటికి మార్చుటకును తెరను వ్రేలితో తాకిన చాలును. చుక్కాని పట్టినవాడు దిక్కును, వేగమును రెంటిని చూడలేక తడబడుట గమనించి, వేగమును పక్కవానికి అప్పగింపుమని కప్తాను ఆజ్ఞాపించెను. పొరపాటున చుక్కాని అధికారము కూడ పక్క తెరకు పోయెను. చుక్కాని చెడినదని కేక పుట్టెను; నిజమునకు చెడినదేమియు లేదు. వేగము తగ్గింపబోగా రెండు ప్రొపెల్లరులలో ఒకదాని వేగమే తగ్గెను. నౌక ఎడమకు తిరిగి ఆల్నిక్ అను చమురు ఓడకు అడ్డుపోయెను. 10 మంది నావికులు మృతినొందిరి. నాడు పనిలో నున్నవారిలో కొందరు వేరొక నౌకనుండి తాత్కాలికముగా వచ్చినవారు. అచటి యంత్రము వేరు, ఇచటి యంత్రము వేరు.

విచారణ జరిపిన రవాణా భద్రతా మండలి 2019లో ఇచ్చిన నివేదికలో శిక్షణ చాలకుండుటను, పైవారి పర్యవేక్షణ లోపమును ఎత్తి చూపినది. ఆ యేడే ఈ తరగతి నౌకలలో వేగమునకు మరల చేతిమీటలనే అమర్ప నౌకాదళము నిశ్చయించెను.

అభిమన్యునకు పద్మవ్యూహమున జొచ్చుట తెలియును, వెడలుట తెలియదు. అతని శౌర్యమునకు కొరత లేదు; విద్యయే సగము. మీటకు మారుగా తెర వచ్చిన నాటినుండి నావికుడు మూడు సంగతులు నేర్వవలసి యున్నది. యంత్రమునకు ఆజ్ఞ యిచ్చుట మొదటిది. ఆ క్షణమున యంత్రము ఏమి చేయుచున్నదో, అధికారము ఎవరి చేతనున్నదో ఎరుగుట రెండవది. యంత్రము తప్పినపుడు తన కన్నుతో, తన చేతితో పని నెరవేర్చుట మూడవది. మొదటిది త్వరగా పట్టువడును. కడమ రెండును అభ్యాసమున గాని రావు. ఖర్చు తగ్గింపదలచిన వారు ముందుగా కోత వేయునది ఆ అభ్యాసమునకే.

యంత్రమును నిందించుట ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము కాదు. ఉపగ్రహము చూపినంత సరిగా నక్షత్రపు లెక్క త్రోవ చూపజాలదు. అయినను బీరువాలోని సెక్‌స్టాంటు, దానిని చూచి లెక్క కట్టువాడు లేనిచో, వట్టి కంచు ముక్క. చదువరి లేని గ్రంథమునకును అదియే గతి. పుస్తకములను భద్రపరచుటతో గ్రంథాలయము పని ముగియదు. వానిని చదువగలవారిని తరతరమునకు నిలుపుకొనవలెను.