ఇంట సంగీతము వినుట: యంత్రముల ఎంపిక, మార్పు

(సంఘ మాస సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సంగీతమును గూర్చి గాక, సంగీతము వినిపించు యంత్రములను గూర్చి నేడు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గాయకుడను గాను, ఇంజనీరును గాను. నలువది యేండ్లుగ వినుచు, కొనుచు, పొరపడుచు కొంత నేర్చినవాడను. నా పొరపాట్లకైన ఖర్చు మీకు తప్పినచో నా ప్రసంగము సఫలమైనట్లే.

ఇది కలవారి వినోదము గదా, భాషా సంఘమున దీనికి చోటేల యని కొందఱు తలపవచ్చును. నా సమాధానమిది. మన పూర్వులు ఈ తమిళ దేశమునకు వచ్చి తరములు గడచినవి. మన పిల్లలు తమిళమునను ఆంగ్లమునను చదువుచున్నారు. ఇంట తెలుగు మాటలాడుదురు గాని, తెలుగు అక్షరములు చదువగలవారు మన కుటుంబములలో నానాటికి తగ్గుచున్నారు. అట్టి పిల్లలకు చక్కని తెలుగు చేరు మార్గములు రెండే కలవు. ఒకటి పెద్దల నోటి మాట, రెండవది పాట. త్యాగరాజస్వామి కావేరీతీరమున తిరువయ్యారున నివసించి తెలుగున కృతులు రచించెను. శ్యామశాస్త్రియు తంజావూరున పెక్కు కృతులు తెలుగుననే రచించెను. మనము నివసించు ఈ గడ్డమీదనే పుట్టిన ఆ తెలుగు, చదువనేరని మన పిల్లలకు చెవి ద్వారముననే అందవలసియున్నది.

మా చిన్ననాట సంగతి వేఱు. 1948లో ప్రారంభమైన విజయవాడ రేడియో కేంద్రము మా యూరికి రాత్రివేళ మీడియం వేవున లీలగ వినబడెడిది. గరగర శబ్దము నడుమ సగము మాటలు పోయెడివి. అయినను లోటు లేకుండెను. వినబడని అక్షరమును మా నాయనమ్మ పూరించెడిది. నేడు పెక్కిండ్ల పూరించువారు లేరు. కావున యంత్రమే అక్షరమును పూర్తిగ పలుకవలెను. నేను నేడు చెప్పబోవునదంతయు ఈ యొక్క మాటకు వివరణమే.

కొన్నేండ్ల క్రిందట నేను అధిక మూల్యమిచ్చి పెద్ద స్పీకర్ల జత యొకటి కొంటిని. మా మనుమరాలు దానియందు ఒక కృతి విని నేర్చుకొనుచు, సాహిత్యమును తమిళ లిపిలో వ్రాసికొనెను. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాల్గింటికిని ఒక్క అక్షరమే గదా. పాడినప్పుడు ఒకచోట మాట మాఱి అర్థమే తలక్రిందులాయెను. నేను కోపపడితిని. ఆ పిల్ల, ‘‘తాతా, దాంట్లో అట్లే కదా వినబడతా ఉంది!’’ అనెను. నేను ఆమె కూర్చున్నచోట కూర్చుండి వింటిని. పిల్ల చెప్పినది నిజము. మృదంగపు ఎడమ మూత నాదము గదియంతయు నిండి, గాయని పలుకును మ్రింగివేయుచుండెను. స్పీకర్లు రెండును గది మూలలలో నేలపై నుండెను. వానిని మూలలనుండి ముందునకు జరిపి బల్లలపై నుంచితిమి. మాటలు విడివిడిగ వినబడెను. దీనికైన ఖర్చు ఒక్క పైసయు లేదు.

కావున మొదటి పాఠము, గదియు యంత్రములో భాగమే. సిమెంటు గోడలు, మొజాయిక్ లేక గ్రానైటు నేల, గాజు కిటికీలు గల మన యిండ్లలో శబ్దము గోడనుండి గోడకు తగిలి మరలి వచ్చును. ఒక అక్షరపు ప్రతిధ్వని తరువాతి అక్షరముపై బడును. మూలనుంచిన స్పీకరున మంద్ర శబ్దము ఇనుమడించును. మనుష్యుని పలుకులో అచ్చులకు బలమెక్కువ, హల్లులకు తక్కువ. హల్లులను గుర్తింపజేయు సన్నని శబ్దములలో పెక్కు సెకనుకు 2,000 మొదలు 8,000 కంపనముల నడుమ నుండును. మంద్రము మితిమీరినచో ఆ సన్నని శబ్దములే ముందుగ మఱుగుపడును. స్పీకర్లను గోడకు ఒకటి రెండడుగుల ఎడముగ నుంచుడు. రెండు స్పీకర్లును, వినువారి పీటయు సమబాహు త్రిభుజముగ నుండవలెను. పై భాగమున నుండు చిన్న స్పీకరు, అనగా ట్వీటరు, కూర్చున్నవారి చెవి యెత్తున నుండవలెను. నేలపై జమఖానా, కిటికీకి మందపు తెర, ప్రక్కగోడకు పుస్తకముల బీరువా యుంచినచో ప్రతిధ్వని చాల తగ్గును. క్రొత్త యంత్రము కొనకమునుపు ఈ పని చేయుడు. కొందఱికి ఆ పైన కొనవలసిన యక్కఱయే యుండదు.

రెండవ పాఠము, అంగడిలో వినుట. రెండు స్పీకర్లలో ఏది రవ్వంత బిగ్గఱగ మ్రోగునో అదియే మేలైనదని చెవి భ్రమపడును. నేను ఒక అంగడిలో ఇట్లే భ్రమపడి మంచిదానిని విడిచి గట్టిదానిని తెచ్చితిని. కావున రెండింటిని సమానమైన ధ్వనికి తెచ్చి పిదప పోల్చుడు. అంగడివారు వినిపించు పాట వలదు. మీరెఱిగిన పాటలను మీరే తీసికొనిపొండు. ఒక స్త్రీ కంఠము, ఒక పురుష కంఠము, ఒక వీణ లేక వయొలిను చాలును. నేను ఇంటిల్లిపాదికి చేయు పరీక్ష యొకటి కలదు. ఆ పాట నెన్నడు విననివానిని కూర్చుండబెట్టి, వినబడిన మాటలు వ్రాయుమందును. ఏ స్పీకరుతో తప్పులు తక్కువగనుండునో అదియే మన యింటికి తగినది.

మూడవది, అంకెల మాయ. 1990 ప్రాంతములలో పెట్టెలపై పి.ఎం.పి.ఓ. అని వేలకొలది వాట్లు అచ్చువేసి అమ్ముచుండిరి. ఆ యంకెతో వినికిడికి సంబంధము లేదు. ఆర్.ఎం.ఎస్. అను నంకెను మాత్రమే చూడుడు. అదియు దాటి తెలిసికొనవలసినది ఒకటి కలదు. వాట్లు రెట్టింపైనను ధ్వని పెరుగునది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపని తోచుటకు సుమారు పదిరెట్ల శక్తి కావలెను. స్పీకరు గుణపత్రమున ఒక వాటుకు ఒక మీటరు దూరమున ఇన్ని డెసిబెళ్లని యుండును. 86 గల దానికంటె 89 గల స్పీకరు సగము శక్తితోనే అంత ధ్వనినిచ్చును. సామాన్యపు గదిలో మనము తృప్తిగ వినునప్పుడు వ్యయమగునది తఱచుగ ఒకటి రెండు వాట్లే. కావున 30 వాట్ల నిజమైన యాంప్లిఫైయరు సంసారికి చాలును. స్పీకరు ఎన్ని ఓములో, దానికి యాంప్లిఫైయరు తగునో లేదో మాత్రము తప్పక చూచుకొనుడు. ఇక తీగెలు. వేలరూప్యములకు అమ్మబడు తీగెలు కలవు. అయిదు మీటర్ల లోపు దూరమునకు, 8 ఓముల స్పీకరునకు, 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగె చాలును. మిగిలిన ధనముతో పాటలు కొనుడు.

మార్చదలచినవారికి నేను చెప్పు వరుస యిది. ముందు స్పీకర్ల స్థానము, తరువాత ఉన్న యంత్రమును శుభ్రపఱచుట, పిమ్మట స్పీకర్లు, ఆపైన యాంప్లిఫైయరు, చివరకు తీగెలు. ఉన్న ధనములో సగము స్పీకర్లకే యియ్యవచ్చును. ఏలయన, భేదము అన్నిటికంటె ఎక్కువగ వినబడునది వానియందే. ఒక్కసారి ఒక్కటే మార్చుడు. ఒక మాసము విని పిదప తరువాతిది తలపెట్టుడు. అన్నియు ఒక్కమాఱు మార్చినచో ఏది మేలు చేసెనో, ఏది కీడు చేసెనో తెలియదు.

మన యిండ్లలో పాత రికార్డులు గలవారు పెక్కుమంది. చెన్నపట్నపు మూర్ మార్కెట్టు 1985లో దగ్ధము కాకమునుపు అచ్చట కొని తెచ్చినవారును మనలో కలరు. వారికి కొన్ని హెచ్చరికలు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్క రికార్డు వేఱు, 1948లో వెలువడిన 33⅓ చుట్ల ఎల్.పి. రికార్డు వేఱు. 78 రికార్డు గాడి వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల కొనగల ముల్లు కావలెను. ఎల్.పి. ముల్లు 18 మొదలు 25 మైక్రాన్లు మాత్రమే యుండును. ఎల్.పి. ముల్లుతో 78 వాయించినచో అది గాడి యడుగున దుమ్ములో ప్రాకును, పాటకంటె గరగర యెక్కువగును. లక్క రికార్డును ఎన్నడును స్పిరిటుతో తుడువరాదు. లక్క స్పిరిటున కరగును. అరిగిన ముల్లు పాటను పాడుచేయుటయే గాక గాడిని గూడ కోయును. వజ్రపు ముల్లునైనను వేయి గంటలలోపు మార్చుట మేలు. ఎల్.పి. టర్న్‌టేబుల్ సంకేతము మిక్కిలి బలహీనము. దానికి ఫోనో అను ప్రత్యేకపు ద్వారము గల యాంప్లిఫైయరు గాని, వేఱుగ ఫోనో పెట్టె గాని యుండవలెను. అది లేక సన్నగ, పీలగ మ్రోగినచో రికార్డును నిందింపకుడు. లక్క రికార్డులన్నియు దాదాపుగ ఏక ధ్వనివే. యాంప్లిఫైయరున మోనో మీట యున్నచో నొక్కుడు. గరగర కొంత తగ్గును.

వేగమును పరీక్షించు నుపాయము మిక్కిలి సులభము. ఎల్.పి. అంచున చిన్న కాగితపు గుర్తు పెట్టి లెక్కింపుడు. మూడు నిమిషములకు సరిగ నూఱు చుట్లు తిరుగవలెను. వేగమున నూటికి ఆఱు వంతుల భేదము వచ్చినచో శ్రుతి ఒక స్వరస్థానము మాఱును. పిల్లలు దానితో పాటు పాడి అభ్యసించినచో తప్పు శ్రుతియే వంటబట్టును. తంబుర నాదము వణకుచున్నచో యంత్రపు రబ్బరు పట్టీ వదులైనదని గ్రహింపుడు.

నేడు చాలమంది చేతి ఫోనునుండియే వినుచున్నారు. ఇందు తప్పు లేదు. 1982లో వెలువడిన సి.డి. సెకనుకు 44,100 మార్లు, 16 బిట్ల కొలతతో శబ్దమును నమోదు చేయును. మానవ శ్రవణమునకు ఇది చాలును. అంతకుమించిన అంకెలకు అధిక ధనమిచ్చుట అనవసరము. అయితే ఫోనున పాటను మితిమీరి కుదించి పంపుటయు కలదు. మీ ఫోను అమరికలలో శబ్దపు నాణ్యతను ‘‘అత్యధికము’’నకు మార్చుడు. బ్లూటూత్ మఱల కుదించును. ఇంట కుదురుగ వినునప్పుడు తీగెతో కలుపుట మేలు. పాత ఏక ధ్వని పాటలకు ఒక్క మంచి స్పీకరు చాలునని గూడ మఱవకుడు.

ఇక చివరి మాట. ఇది చెప్పుటకు నాకు కొంత కష్టముగనే యున్నది. నేను యాంప్లిఫైయరును మూడుమార్లు మార్చితిని. ఆ కాలమంతయు మా అమ్మ పాడిన మంగళహారతులును, అప్పగింతల పాటలును గల ఒక క్యాసెట్టు బీరువాలో పడియుండెను. క్రొత్త యంత్రములలో దానిని పెట్టుటకు చోటే లేదు. అమ్మ పోయిన తరువాత పాత యంత్రమును దించి వాయింపబోతిని. రబ్బరు పట్టీ జిగురుగ కరగియుండెను. టేపు లోన చిక్కుకొని నలిగెను. సగము మాత్రమే దక్కినది. ఆ రెండవ సగమున ఏ పాటలుండెనో ఎఱిగినవారు ఇప్పుడెవ్వరును లేరు. అవి ఏ పుస్తకమునను లేవు, ఏ కంపెనీయు అచ్చువేయలేదు. మా యూరి తెలుగు, మా యింటి మాట అందుండెను.

కావున కొనుగోళ్లన్నిటికంటె ముందుగ ఈ పని చేయుడు. మీ యింటి క్యాసెట్లు వెదకుడు. బూజు పట్టినదానిని వెంటనే వాయింపకుడు, ఎఱిగినవారికి చూపుడు. యంత్రమునకు క్రొత్త పట్టీ వేయించుడు. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆఱనిండు. హెడ్డు వాలును సరిచేయు చిన్న మర యొకటి యుండును. స, శ లు స్ఫుటముగ వినబడువఱకు దానిని మెల్లగ త్రిప్పింపుడు. కంప్యూటరునకు కలిపి 48,000 కొలత, 24 బిట్లతో నమోదు చేసి, వేవ్ లేక ఫ్లాక్ రూపమున దాచుడు. మొదటి ప్రతినుండి గరగరను తొలగింపకుడు. గరగరతో పాటు హల్లులును పోవును. మూడు ప్రతులు చేసి ఒకటి వేఱొక యింట నుంచుడు. పాడినవారెవరు, ఏ యేట, ఏ శుభకార్యమున, ఏ పాట యన్నది తెలుగునను తమిళమునను వ్రాయుడు. మన మనుమలకు ఏ లిపి మిగులునో మనకు తెలియదు గదా.

క్యాసెట్లుండియు వాయించు యంత్రము లేనివారు మా యింటికి తెండు. బాగుచేయించిన యంత్రమొకటి నా యొద్ద సిద్ధముగ నున్నది. ఆదివారములు నేను ఇంటనే యుందును. కాఫీ మా యావిడ యిచ్చును. పాట మీరు తేవలెను.