మహాఘంట పోత – లోహపు లెక్క
(ప్రసంగ పాఠం)



నూతన మహాఘంట తొలిసారి మ్రోగిన వేళ అందరి హృదయాలు పులకిస్తాయి. అయితే దాని కొరకు రాగి, తగరం సమర్పించిన దాత మదిలో ఒక సందేహం కలగడం సహజం: "మేమిచ్చినది 105 కిలోలు, గంట తూగినది 82 కిలోలే. తక్కినది ఏమైనది?" దేవుని సొమ్ము గూర్చి ఇట్లు అడగడం తప్పు కాదు. బదులు చెప్పడం నిర్వాహకుల ధర్మం. ఆ లెక్కనే ఒక ఉదాహరణతో మీ ముందుంచుతున్నాను.

పోతకు ముందు మనకు లభించేది చెక్క నమూనా ఒక్కటే. దానిని తూచి, ఇన్ని రెట్లు లోహం కావాలని చెప్పడం ఒక పద్ధతి. గంట కంచు లీటరుకు సుమారు 8.6 కిలోలు తూగుతుంది. టేకు లీటరుకు 0.65 కిలోలనుకుంటే, 6 కిలోల నమూనాకు 79 కిలోల కంచు కావాలి. అదే చెక్క 0.60 అయితే 86 కిలోలు! చెక్కలోని తేమ, దిగగొట్టిన ఇనుప మేకులు కూడా ఈ లెక్కను తప్పిస్తాయి.

కనుక నమూనాకు లక్క పూసి, నిండు తొట్టిలో పూర్తిగా ముంచి, పొర్లిన నీటిని కొలవడం మేలు. 9.5 లీటర్లు పొర్లితే గంటకు దాదాపు 82 కిలోలు. నమూనా గంట వలె లోపల బోలుగా ఉన్నప్పుడే ఈ లెక్క సరిపోతుంది. గట్టి దిమ్మ అయితే, లోపల నిలిపే మట్టి దిమ్మ పరిమాణాన్ని తీసివేయాలి.

ఇక మిగిలిన 23 కిలోలు. లోహం అచ్చులోకి దిగే దారులలోను, గంట చల్లారి కుంచించుకొనేటప్పుడు దానికి లోహం అందించే తలలలోను 16 కిలోలు నిలుస్తుంది. చిట్టెంగా పోయే తరుగు 3 కిలోలు. మూసలో మిగులుగా ఉంచుకొనేది 4 కిలోలు. ఈ మిగులు వృథా కాదు. పోత నడుమ లోహం చాలకపోతే, తరువాత పోసినది చల్లారిన దానితో ఏకం కాదు. అట్టి గంటకు నాదం ఉండదు, దానిని పగులగొట్టి మరల కరిగించవలసినదే.

ఇది నేటి జాగ్రత్త మాత్రమే కాదు. 12వ శతాబ్దిలో చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం కూడా, విగ్రహపు పోతకు ముందు మైనాన్ని తూచి దానిని బట్టి లోహాన్ని నిర్ణయించాలని తెలుపుతున్నది.

కావున తరుగు పోగా తిరిగి వచ్చే 20 కిలోలు దైవద్రవ్యమే. దానిని ఆలయ పుస్తకంలో జమకట్టి, దాతలందరికీ కనిపించునట్లు ప్రకటించవలెను. మీరు కూడా సంకోచింపక అడిగి తెలుసుకొనండి. లెక్క తేటపడిన నాడు గంట నాదంతో పాటు దాత మనస్సు కూడా నిర్మలమవుతుంది.

స్వస్తి.